లంకలో అరటి వేస్తానన్న అమ్మాయికి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు హైదరాబాదులో ఉద్యోగం మానేసి, రావులపాలెం దగ్గర గోదావరి గౌతమి పాయ నడుమ ఉన్న లంక దిబ్బలో పొలం కౌలుకు తీసుకుని కర్పూర చక్కెరకేళి అరటి వేయబోతున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల తనంతట తాను సేద్యానికి దిగుతానన్నందుకు నాకు ఎంత సంతోషం కలిగిందో, లంక అన్న మాట వినగానే అంత భయమూ వేసింది. మీ నాన్నతో ఒక్క మాట అనకుండా అడ్వాన్సు ఇచ్చేశావట, అది మాత్రం నాకు నచ్చలేదు.

నాటడానికి తెలిసిన తోటలోంచే సన్నాకుల సూది పిలకలు తెచ్చుకో. పనామా తెగులు సోకిన తోట ఛాయలకు వెళ్లవద్దు, ఆ శిలీంధ్రం నేలలో చేరితే ఏళ్ల తరబడి పోదు. గెల దిగేటప్పటికి చెట్టుకు ఊతంగా వెదురు గెడలు సిద్ధంగా ఉంచు. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం మీద భూమి యజమాని చేత ముందే సంతకం పెట్టించుకో. లేకపోతే వరదకు తోట పోయిననాడు పరిహారం అడగడానికి నీ చేతిలో కాగితం ఉండదు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. 1986 ఆగస్టులో, శ్రావణమాసంలో, గోదావరికి వచ్చినంత వరద మా తరంలో ఎవరూ ఎరుగరు. ఎగువన భద్రాచలంలో నీటిమట్టం 75 అడుగులు దాటింది. అప్పటికి మన లంక తోటలో గెలలు వేలాడుతున్నాయి, ఇంకొక నెల ఆగితే ముదురుతాయి. ఊరివాళ్లంతా గట్టెక్కుతుంటే మీ పెదనాన్న, ఒక్క పూటలో కోయగలిగినన్ని కోసుకుని వస్తానని ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని నాటుపడవలో వెళ్లారు. నేను వద్దన్నాను, ఏడాది కష్టం నీళ్లపాలు చేయమంటావా అన్నారు. సాయంత్రానికి పడవ నిండా గెలలు పేర్చారు కానీ, ప్రవాహం పెరిగి ఆ బరువుతో పడవ దాటలేని స్థితి వచ్చింది. గెలలన్నీ ఏట్లోకి తోసేసి, కొబ్బరిచెట్లకు మోకు కట్టి పట్టుకుని ఆ రాత్రి ముగ్గురూ ప్రాణాలు దక్కించుకున్నారు. తెల్లవారాక వేరే పడవవాళ్లు తీసుకొచ్చారు. పాకలో కట్టేసిన చూడి గేదె పలుపు మాత్రం ఎవరూ విప్పలేదు. విప్పి ఉంటే అది ఈదుకుని ఎక్కడో ఒక చోట ఒడ్డు చేరేది. నీళ్లు తీశాక పాక గుంజకు పలుపు బిగుసుకుని ఉండగా దాన్ని చూసినప్పటి నుంచి మీ పెదనాన్న గేదెను కొనలేదు. ఒకవేళ గెలలు ఒడ్డు చేరినా లాభం లేకపోయేది తల్లీ. రోడ్లు మునిగాక లారీ కదలదు, ముదరని కాయకు ధర కట్టేవాడు ఉండడు.

అందుకని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద హెచ్చరిక ఎగురవేసేదాకా కూర్చోవద్దు. అక్కడ మొదటిది 11.75 అడుగులకు, రెండవది 13.75కు, మూడవది 17.75కు ఇస్తారు, అవి వినేసరికి నీరు మన గుమ్మంలో ఉన్నట్లే. భద్రాచలం నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది గనుక, భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక విన్ననాడే పశువులను గట్టెక్కించు, నీళ్లు తోడే ఇంజను విప్పించి ఒడ్డుకు చేర్పించు, ఆ తరువాత కూలీలను లంకలోకి పంపవద్దు. నీ తోట కోసం వాళ్లు వెళ్తామన్నా పంపవద్దు. వరద శ్రావణంలోనే వస్తుందని నమ్మే రోజులూ పోయాయి. 2022లో ఆషాఢమాసంలోనే భద్రాచలంలో 71 అడుగులు దాటింది.

వరద తగ్గి నేల ఆరగానే నాటితే మరుసటి ఏటి వరదనాటికి చెట్టు ఎత్తుగా ఎదిగి ఉంటుంది. నాలుగు రోజులు నీరు నిలిస్తే ఎంత చెట్టయినా వేరు కుళ్లుతుంది కాబట్టి, లంకలో కూడా మెరక చూసి తీసుకో, కౌలు కొంచెం ఎక్కువైనా సరే. ఏ చెక్క మెరకో యజమాని చెప్పడు. అక్కడ పశువులు మేపుకునే ముసలివాళ్లను అడుగు.

నువ్వు భయపడాలని ఇదంతా వ్రాయలేదమ్మా. చిన్నప్పుడు గట్టు మీద నా కొంగు పట్టుకుని నడిచినదానివి, ఈ లంక మట్టిలో నీ చేతి పంట చూడాలని నాకూ ఉంది. కౌలు కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక ఆదివారం రా. మీ నాన్ననూ వెంట తీసుకురా. ముగ్గురం వెళ్లి ఆ పొలం చూసి వద్దాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ