బాలికి లోన్ తీసుకోవాలా, ఉన్న డబ్బుతో అండమాన్ వెళ్లాలా?

ప్రశ్న: మాది రాజమండ్రి, ఉండేది హైదరాబాద్‌లో. మా ఇద్దరి జీతాలు కలిపి నెలకి 95 వేలు, హోమ్ లోన్, స్కూల్ ఫీజులు, ఖర్చులు అన్నీ పోను, 8 వేల సిప్ కట్టాక, 15 వేలు మిగులుతాయి. పాపకి 13, బాబుకి 8 ఏళ్లు. జనవరిలో బాలి వెళ్దామని మా వారు పట్టుబడుతున్నారు, ఇంకా ఆరు నెలల టైమ్ ఉంది. ఏజెంట్ 4 లక్షల 10 వేలు అన్నాడు, చేతిలో లక్షా పది వేలున్నాయి. మిగతా 3 లక్షలు 14 శాతానికి మూడేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతుంది. అండమాన్ అయితే ఫ్లైట్లతో కలిపి 2 లక్షల 20 వేలు, అందులో 38 వేలు యాక్టివిటీస్ కాంబో అట. దీపావళికి మా వారికి 25 వేల బోనస్ వస్తుంది, దాంతో ఫోన్ కొంటానంటున్నారు. రెండున్నర లక్షల ఎఫ్‌డీ ఒకటుంది, అది తీసేసి బాలి వెళ్లొచ్చేస్తే పోతుందా?

జవాబు: అమ్మా, ముందు ఎఫ్‌డీ సంగతి, దాన్ని కదపొద్దు. హోమ్ లోన్ ఉన్న ఇంట్లో, ఇద్దరు పిల్లలున్నప్పుడు, ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి, మీ లెక్కలో అది 4 లక్షలపైనే అవుతుంది, అంటే ఆ రెండున్నర లక్షలే చాలవు, ఇక అందులోంచి టూర్‌కి తీయడమనే మాటే వద్దు. సిప్ కూడా ఆపొద్దు.

ఇప్పుడు లోన్. 3 లక్షలు 14 శాతానికి 36 నెలలంటే ఈఎంఐ 10,250 చుట్టూ పడుతుంది, మొత్తం వడ్డీ 69 వేలు, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. నెలకి మిగిలేదే 15 వేలు, అందులో పది వేలు మూడేళ్లపాటు వారం రోజుల టూర్‌కే పోతే మధ్యలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే మళ్లీ అప్పే కదా. ఇల్లు కొనడానికి అప్పు చేశారు, సరే, ఇల్లు ఉంటుంది. టూర్‌కి అప్పు మాత్రం నేను ఎవరికీ ఒప్పుకోను.

పైగా జనవరి బాలిలో మంచి వానాకాలం, నవంబర్ నుంచి మార్చి దాకా అక్కడ వర్షాలే, అది ఏజెంట్ చెప్పాడా మీకు? వీసా ఆన్ అరైవల్‌కి, అంటే అక్కడ దిగాక ఇచ్చే వీసాకి, మనిషికి 5 లక్షల ఇండోనేషియా రుపయా, 2024 ఫిబ్రవరి నుంచి టూరిస్ట్ లెవీ ఇంకో లక్షా యాభై వేల రుపయా, నలుగురికీ కలిపి మన డబ్బుల్లో ఇంచుమించు 14 వేలు. ఇది ప్యాకేజీలో ఉందో లేదో చూసుకోండి, చాలామంది ఏజెంట్లు కలపరు. అదే జనవరిలో అండమాన్‌లో ఎండ కాస్తుంది, సముద్రం కాస్త నెమ్మదిగా ఉంటుంది, పాస్‌పోర్ట్ గొడవ లేదు. అందుకే నా ఓటు అండమాన్‌కే, ఉన్నంతలో సర్దుకోమని కాదు, మీరు చెప్పిన నెలకి అదే నిజంగా మంచి చోటు.

ఇక ఆ 38 వేల కాంబో. మీరు లిస్ట్ రాశారు కదా, నలుగురికీ స్కూబా, నలుగురికీ సీ వాక్, జెట్ స్కీ, గ్లాస్ బాటమ్ బోట్, స్నార్కెలింగ్, క్యాండిల్ లైట్ డిన్నర్. మీ చిన్నవాడికి 8 ఏళ్లు. స్కూబాకి చాలామంది ఆపరేటర్లు 10 ఏళ్లు నిండాలంటారు, అంటే వాడు దిగలేని స్కూబాకి కూడా మీ దగ్గర డబ్బు లాగుతున్నారు! కాంబో మొత్తం తీసేయించి బిల్లు 1 లక్షా 82 వేలకి తెప్పించండి, అక్కడికెళ్లాక మీకు కావాల్సినవి మీరే విడిగా కట్టుకోండి, దానికి 18 వేలు పక్కన పెట్టండి.

ఆ 18 వేల్లో నేనైతే ముందు పెట్టేది స్వరాజ్ ద్వీప్‌లో, అదే మన హావ్‌లాక్, 2018లో పేరు మార్చారు, అక్కడ స్కూబాకి. మీరు, మీ వారు, పెద్దమ్మాయి. ఈత రాకపోయినా పర్లేదు, ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి సిలిండర్ పట్టుకునే ఉంటాడు, మీరు చేయాల్సిందల్లా నోటితో నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, కిందకి దిగుతున్నప్పుడు చెవులు బిగుసుకుంటే ముక్కు మూసి పట్టుకుని మెల్లగా ముక్కులోకే గాలి ఊదడం, నొప్పి మొదలవకముందే చేయాలి, ఆగి సైగ చేస్తే పైకి తెస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు ముందే చెప్పాలి, ఫారంలో ఊరికే టిక్కులు పెట్టేయకండి. మీరిద్దరూ ఒకేసారి దిగొద్దు, చిన్నవాడి దగ్గర ఒకరు ఉండాలి.

వాడికి ఎలిఫెంట్ బీచ్ చాలు, లైఫ్ జాకెట్ వేసుకుని మాస్క్ పెట్టి తల ముంచితే చాలు చేపలు కళ్ల ముందే తిరుగుతుంటాయి, చాలాసార్లు బోటు టికెట్లోనే కాసేపు స్నార్కెలింగ్ కలిపి ఉంటుంది, అడిగాకే డబ్బు కట్టండి. జెట్ స్కీ, సీ వాక్ వదిలేయండి. డిన్నర్ అసలొద్దు.

డబ్బులు లేనివే ఎక్కువ బాగుంటాయి అక్కడ. రాధానగర్ బీచ్‌లో సాయంత్రం, కాలాపత్తర్‌లో పొద్దున, షహీద్ ద్వీప్‌లో, అదే నీల్ దీవిలో, నీళ్లు తగ్గినప్పుడు రాతి వంతెన దగ్గర గుంటల్లో చిన్న చిన్న జీవాలు. పాదాలకి చెప్పులు ఉంచుకోండి, రాళ్లు కోస్తాయి. సెల్యులార్ జైలు మాత్రం తప్పకుండా, పిల్లలిద్దరికీ చూపించండి. మీ గోదావరి ఏజెన్సీలో అల్లూరి దండులో పోరాడిన గాం మల్లుదొరని అండమాన్‌కే పంపారు, ఆయన తర్వాత 1952లో లోక్‌సభకి గెలిచారు. ఇది మీ అమ్మాయికి అక్కడ నిలబడి చెప్పండి. బారాటాంగ్ సున్నపురాయి గుహలకి తెల్లారకముందే బయల్దేరాలి, రోజంతా పోతుంది, చిన్నపిల్లలతో కష్టం. దారిలో అడవిలో ఉండే జరావా ఆదివాసులని చూపిస్తామని ఎవడైనా ఆశ పెడితే ఆ మనిషినే వదిలేయండి, అది నేరం, అంతకంటే ముందు తప్పు.

డబ్బు లెక్క ఇలా. నెలకి 15 వేలు ఆరు నెలల ఆర్‌డీలో వేస్తే 90 వేలు, ఉన్న లక్షా పది కలిపితే 2 లక్షలు, ట్రిప్ సరిగ్గా అందులో అయిపోతుంది. దీపావళికి మీ వారికి వస్తుందన్న 25 వేల బోనస్ ఫోన్‌కి పెట్టకుండా ఇటు ఉంచండి, ఎందుకంటే గాలులకి ఫెర్రీలు రద్దవుతాయి, ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సొస్తుంది. అందుకే హావ్‌లాక్ నుంచి తిరిగొచ్చిన రోజే ఫ్లైట్ పెట్టుకోవద్దు, చివరి రాత్రి శ్రీ విజయపురంలో, అంటే పోర్ట్ బ్లెయిర్‌లో, పడుకోండి. స్కూబా చేశాక ఎలాగూ 18 గంటలు విమానం ఎక్కకపోవడమే మంచిది. చిన్న దీవుల్లో నెట్ ఆగిపోతే యూపీఐ పని చేయదు, కొంచెం క్యాష్ ఉంచుకోండి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా టికెట్లు మండిపోతాయి, పండగ అయ్యాక, రిపబ్లిక్ డే వీకెండ్ తప్పించి చూసుకోండి, హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లున్నాయి. వైజాగ్ ఓడ రెండు రోజులపైనే పడుతుంది, మీ సెలవులకి కుదరదు.

ఒక్కటి మర్చిపోయా, మీ ఇద్దరిలో ఎవరి జీతంలోనైనా ఎల్‌టీఏ, అంటే సెలవు ప్రయాణానికి కంపెనీ ఇచ్చే భత్యం, ఉంటే, వాళ్లు పాత పన్ను విధానంలో ఉంటే, అండమాన్ ఫ్లైట్ చార్జీలకి పన్ను మినహాయింపు వస్తుంది, బాలికి రాదు, కొత్త విధానంలో అసలు లేదు. నాలుగేళ్లకి రెండుసార్లు, ఇప్పుడు 2026 నుంచి 2029 బ్లాక్. హోటల్, స్కూబా ఇందులోకి రావు, ఎకానమీ చార్జీ వరకే. ఏజెంట్ బిల్లులో టికెట్ రేటు విడిగా రాయించుకోండి, బోర్డింగ్ పాసులు పారేయకండి, సెలవు పెట్టిన తేదీలు కూడా టికెట్లకి సరిపోవాలి, హెచ్‌ఆర్ అడిగేది అదే.