చుక్కలు పడితే పడనీ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, ఈసారి బరంపురం ఠాకురాణి అమ్మవారి జాతర ఫోటోలు నువ్వే తీస్తున్నావని చెప్పాడు. అదీ జేబులో పట్టే చిన్న కెమెరాతో, రాత్రిపూట. ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. మనింట్లో నా తర్వాత కెమెరా పట్టింది నువ్వే. సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క.

రెండో బ్యాటరీ పెట్టుకో. లెన్స్ మెత్తటి బట్టతో తుడుచుకో. ఫ్లాష్ ఆపెయ్, దగ్గరున్న మొహాలకి సున్నం కొట్టినట్టుంటుంది, వెనకంతా చీకటి.

ఇక రాత్రి ఫోటోల్లో పడే చుక్కల సంగతి, వాటినే నాయిస్ అంటారు. అలాంటి కెమెరాల్లో సెన్సర్, అంటే వెలుతురుని పట్టి ఫోటోగా మార్చే ముక్క, దాని వెడల్పు చాలావాటికి 6 మిల్లీమీటర్లే, చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద కెమెరాల్లో అది 36 ఉంటుంది. అంత చిన్న చోట పడే వెలుతురెంత? కెమెరాలో ఐఎస్ఓ అని ఒక అంకె ఉంటుంది, అది పెంచితే వెలుతురు పెరగదమ్మా. వచ్చిన కాస్తనే పెద్దది చేసి చూపిస్తుంది, దాంతోపాటు ఇసక జల్లినట్టు చుక్కలూ పైకి తేలతాయి. అందుకే జూమ్ లాగకు. ఎఫ్ అంకె లెన్స్ కన్ను ఎంత తెరుచుకుందో చెబుతుంది, అంకె పెరిగితే కన్ను చిన్నదైనట్టు. ఎఫ్ 2.8 ఉన్న లెన్స్ జూమ్ చివర 5.6కి వచ్చిందంటే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. నువ్వే నాలుగడుగులు ముందుకెళ్లు. దీపాల తోరణాలు, గుడి లాంటి కదలనివాటికి కెమెరాని అరుగు మీద పెట్టి, ఐఎస్ఓ 100 చేసి, రెండు సెకన్ల టైమర్‌తో తియ్. ఘటాలెత్తుకున్న ఆడవాళ్లనీ, పులి వేషాలనీ తీసేటప్పుడు మాత్రం ఐఎస్ఓ పెంచక తప్పదు, పెంచు. భయపడి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో వెలుగు పెంచితే చుక్కలు ఇంకా ఘోరంగా కనిపిస్తాయి. చీకట్లో స్క్రీన్ మీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి, దాన్ని నమ్మి మోసపోకు, హిస్టోగ్రామ్ చూడు, ఫోటోలో చీకటెంత, వెలుగెంత అని చూపించే గ్రాఫ్ అది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు.

2009 కార్తీక పౌర్ణమి. పర్లాకిమిడి ఇంట్లో మీ మామ్మ తులసికోట దగ్గర 365 వత్తులు వెలిగిస్తోంది. నేను చిన్న కెమెరాతో, అన్నీ అదే చూసుకునే ఆటో మోడ్‌లోనే, ఒక్కటంటే ఒక్క ఫోటో తీశాను. ఐఎస్ఓ 1600కి పోయింది. మొహం నిండా చుక్కలు. పెళ్లిళ్లకి శుభ్రమైన ఫోటోలిచ్చేవాణ్ణి కదా, నాకు నచ్చలేదు. ఆ రాత్రే కంప్యూటర్లో నాయిస్ తగ్గించే స్లైడర్‌ని చివరిదాకా లాగేశాను. చుక్కలన్నీ పోయాయి. ఉన్న ఫైల్ మీదే సేవ్ కొట్టాను. మర్నాడు పెళ్లి ఉందని కార్డు ఫార్మాట్ చేశాను.

సంక్రాంతి లోపల అమ్మ పోయింది. ఆ ఫోటోనే పటం కట్టించాం. పన్నెండో రోజున, నీకప్పుడు ఏడేళ్లు, పటం ముందు నిలబడి అడిగావు: "పెదనాన్నా, మామ్మ బుగ్గ మీద గుంటలేవీ?"

చిన్నప్పుడు అమ్మవారు పోసి మిగిలిన మచ్చలవి. నువ్వు ఆవిడ ఒళ్లో కూర్చుని వేలితో లెక్కపెట్టేదానివి. నేను చుక్కల్తోపాటు వాటినీ తుడిచేశాను. కళ్ల పక్క ముడతలు కూడా పోయాయి. మైనం బొమ్మలా ఉంది. ఇప్పటికీ ఆ పటం కింద దీపం పెట్టేటప్పుడు తలెత్తి చూడలేను.

అందుకని, తల్లీ, కెమెరాలో రా (RAW) ఫైల్, అంటే కెమెరా ఏమీ దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచేది, ఉంటే అందులోనే తియ్. లేకపోతే మెనూలో చుక్కలు తుడిచే నాయిస్ రిడక్షన్‌ని తక్కువలో పెట్టు. ఇంటికొచ్చాక ఎరుపు, ఆకుపచ్చ మరకల్లాంటి రంగు చుక్కల్ని తీసెయ్, వాటితో మొహానికి పెద్దగా నష్టం లేదు. మిగతా ఇసకని కొంచెం తగ్గించి ఆపు. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే కనిపించేవి పోస్ట్‌కార్డు సైజు ప్రింటులో కనిపించవు. ఏం చేసినా కాపీ మీదే చెయ్. రెండు చోట్ల దాచేదాకా కార్డు ముట్టుకోకు. ముట్టుకున్నావంటే నేను ఊరుకోను.

జనంలో కెమెరా తాడు మణికట్టుకి చుట్టుకో. డప్పుల మధ్య వెనక్కి నడుస్తూ తియ్యకు. తమ్ముణ్ణి వెంట తీసుకెళ్లు, వాడు విసుక్కున్నా సరే. ఎంత రాత్రయినా ఇల్లు చేరగానే నాకు ఫోన్ చెయ్, మెలకువగానే ఉంటాను.

జాతర అయ్యాక కార్డు తీసుకుని ఇటు రా. ఘటమెత్తిన పెద్దావిడ ఎవరైనా దగ్గరగా పడి ఉంటే, ఆ ఫోటో మాత్రం ఏమీ చెయ్యకుండా అలాగే తీసుకురా. ఇద్దరం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న