మీ డాబా మీద రెండు కిలోవాట్లు చాలు

ప్రశ్న: మాది పెద్దపల్లి. సింగరేణిలో 32 ఏళ్లు పనిచేసి ఓవర్‌మన్‌గా రిటైర్ అయ్యాను. సొంత ఇల్లు. నేను, నా భార్య, కోడలు, ఇద్దరు మనవలు ఉంటాం. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మాకు 440 యూనిట్ల దాకా కాలుతోంది, మిగతా నెలల్లో 280. సోలార్ కంపెనీ వాళ్లు వచ్చి 3 కిలోవాట్లకు 1,95,000, రెండిటికైతే 1,35,000 అన్నారు. మూడు పెట్టుకుంటే 25 ఏళ్లు జీరో బిల్లు అంటున్నారు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో 12 లక్షలు, బ్యాంకులో 2 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. వాటిలోంచి తీయాలా, లోన్ తీసుకోవాలా? రేట్లు తగ్గుతాయి, రెండేళ్లు ఆగమని మా అబ్బాయి అంటున్నాడు. ఇంకో సందేహం. సోలార్ కరెంటు యూనిట్ రెండున్నర రూపాయలకే వస్తోందని పేపర్లో చదివాను. మరి నేను తొమ్మిది రూపాయలు ఎందుకు కడుతున్నాను? మీటర్ ఇంకా మా నాన్నగారి పేరు మీదే ఉంది.

జవాబు: పెట్టుకోండి. కానీ రెండు కిలోవాట్లే పెట్టుకోండి. ఎఫ్‌డీ ముట్టుకోవద్దు, సీనియర్ సిటిజన్ ఖాతా అసలే ముట్టుకోవద్దు. రెండేళ్లు ఆగడమూ వద్దు. ఇలా ఎందుకంటున్నానో మీ బిల్లు పట్టుకునే చెబుతాను, మీరు కూడా ఓ కాగితం తీసుకుని వేసుకోండి.

మన తెలంగాణలో శ్లాబుల తీరు తెలియకుండా సోలార్ లెక్క వేయకూడదు. నెలకు 200 యూనిట్ల లోపు కాలితే మొదటి 100కు యూనిట్ 3.40, తర్వాతి 100కు 4.80. అంటే సరిగ్గా 200 కాలితే 820 రూపాయలు. 200 దాటితే ఆ పై యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది. మొదటి 200కు 5.10, 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు, ఆ పైన 800 దాకా 9.50. 201 యూనిట్లు కాలితే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల తేడా! ఇక 100 లోపే కాలితే ఇంకా చవక, మొదటి 50కి 1.95, మిగతా 50కి 3.10. ఇవి కరెంటు ధరలు మాత్రమే. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వీటికి అదనం.

ఈ లెక్కన ఎండాకాలంలో మీ 440 యూనిట్లకు నెలకు 3,070 రూపాయలు. మిగతా తొమ్మిది నెలలు 280 యూనిట్లకు 1,636. మొత్తం ఏడాదికి 23,934 రూపాయలు.

ఇప్పుడు 2 కిలోవాట్లు పెట్టారనుకుందాం. కిలోవాట్‌కు రోజుకు 4 యూనిట్లు వస్తాయని అమ్మేవాళ్లు చెబుతారు. అది ఏడాది పొడవునా రాదు. మబ్బు, దుమ్ము కలుపుకుని ఏడాది మొత్తం మీద నేను కాస్త తగ్గించే వేస్తాను: ఎండాకాలం నెలకు 250, మిగతా నెలల్లో సగటున 220. నెట్ మీటర్ ఉంటే మీరు వాడినదాంట్లోంచి మీ డాబా ఇచ్చినది తీసేసి, మిగిలిన యూనిట్లకే బిల్లు. ఎండాకాలంలో 190 యూనిట్లు మిగులుతాయి, బిల్లు 772. మిగతా నెలల్లో 60 యూనిట్లే, బిల్లు 128 రూపాయల 50 పైసలు. ఏడాదికి 3,472. అంటే మీకు మిగిలేది సుమారు 20,460 రూపాయలు.

ఖర్చు చూడండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 చొప్పున కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. మూడో కిలోవాట్‌కు 18,000 మాత్రమే. మొత్తం 78,000, ఆ పైన ఎంత పెద్దది పెట్టినా అంతే. మీ 1,35,000లో 60,000 పోతే మీ చేతి ఖర్చు 75,000. ఏటా 20,460 మిగులుతుంటే మూడేళ్ల ఎనిమిది నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. మీ వయసువారికి నేను ఇంత ధైర్యంగా పెట్టమని చెప్పే పెట్టుబడులు చాలా తక్కువ.

మరి మూడో కిలోవాట్? దానికి మీరు అదనంగా ఇచ్చేది 60,000, సబ్సిడీ పోను 42,000. అది మీకు ఆదా చేసేది ఏమిటి? తొమ్మిది రూపాయల యూనిట్లను, ఏడు డెబ్బై యూనిట్లను మొదటి రెండు కిలోవాట్లే తీసేశాయి. మూడోది తీసేవన్నీ రెండు, మూడు, మహా అయితే నాలుగు ఎనభై యూనిట్లు. వానాకాలం, చలికాలాల్లో అయితే మీరు వాడేదానికంటే నెలకు 50 యూనిట్లు ఎక్కువే వస్తాయి. ఆ మిగులుకు డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఇచ్చేది తాను కరెంటు కొనే సగటు ధరే గానీ మీకు అమ్మే పై శ్లాబు ధర కాదు. ఎంత ఉదారంగా వేసినా ఏడాదికి 5,000 దాటదు. 42,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్లకు పైనే. ఆ లోపు ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే సోలార్ ఇన్వర్టర్‌ను మార్చాల్సి వచ్చినా రావచ్చు.

‘జీరో బిల్లు’ అన్న మాట వినడానికి బాగుంటుంది, అందుకే దాన్నే పట్టుకుని అమ్ముతారు. మీకు కావాల్సింది జీరో కాదు, 200 దాటకుండా ఉండటం. రెండు నెలల క్రితం ఒక టీచర్ గారు 5 కిలోవాట్లు పెట్టించుకుని నా దగ్గరికొచ్చారు. వాడకం మీకంటే తక్కువ. ఆ డబ్బు అమ్మాయి చదువుకు దాచింది. ఆ లెక్క చూస్తుంటే నాకు నిజంగా బాధేసింది, అందుకే మీకింత విడమర్చి చెబుతున్నాను. మనవలు పెద్దయి ఇంకో ఏసీ వస్తే, లేదా ఎలక్ట్రిక్ స్కూటర్ కొంటే అప్పుడు చూద్దాం. డాబా మీద దక్షిణం వైపు ఇంకో రెండు ప్యానెళ్లకు చోటు వదిలిపెట్టమని ఇప్పుడే చెప్పండి.

(ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. మీకు గృహజ్యోతి వర్తిస్తూ, నెలకు 200 లోపే కాలుతుంటే ఆ కరెంటు మీకు ఇప్పటికే ఉచితం. సోలార్ మీద ఒక్క రూపాయి పెట్టకండి.)

డబ్బు ఎక్కడి నుంచి? సీనియర్ సిటిజన్ పథకం మీకు 8.2 శాతం ఇస్తోంది. గడువుకు ముందు తీస్తే అసలులోంచే కోత పడుతుంది. ఎఫ్‌డీలోని 2 లక్షలు మీ ఆసుపత్రి అవసరాలకు. బొగ్గు గని పింఛను ఎంత వస్తుందో నాకు తెలుసు, దాన్నుంచి మళ్లీ 2 లక్షలు కూడబెట్టడం జరిగే పని కాదు. సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల లోపు వ్యవస్థకు ప్రభుత్వ బ్యాంకులు తాకట్టు లేకుండా రుణం ఇస్తున్నాయి. వడ్డీ రెపో రేటుకు (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే రేటు) అర శాతం కలిపి. 2024లో రెపో 6.5 ఉన్నప్పుడు అది 7 శాతం, 2025లో ఆర్‌బీఐ రేట్లు తగ్గించాక ఇంకా దిగింది. 8.2 వచ్చే డబ్బు తీసి, 7 లోపు దొరికే అప్పును వద్దనుకోవడం ఎందుకు?

ఇలా చేయండి. 15,000 చేతి నుంచి, 1,20,000 లోన్. సబ్సిడీ ముందు రాదు, ప్యానెళ్లు బిగించి నెట్ మీటర్ పెట్టాక మీ ఖాతాలో పడుతుంది. ఆ 60,000 వచ్చిన రోజే లోన్‌కు కట్టేయండి, ఇంట్లో ఏ ఖర్చుకూ వాడొద్దు. మిగిలిన 60,000కు నాలుగేళ్లయితే ఈఎంఐ 1,450 లోపే ఉంటుంది. మీ బిల్లులో తగ్గేది నెలకు సగటున 1,700. అంటే బిల్లు డబ్బే లోన్ తీరుస్తుంది. లోన్ తీరాక ఆ 1,700ను ఆర్‌డీలో వేయండి, లేకపోతే ఎటు పోయిందో తెలియకుండా పోతుంది. పదేళ్లకు ఇన్వర్టర్ మార్చడానికి కూడా అందులోంచే తీయొచ్చు.

మీ అబ్బాయి అన్న మాటలో న్యాయం ఉంది, ప్యానెళ్ల ధరలు కొన్నేళ్లుగా దిగుతూనే వచ్చాయి. కానీ మీ 1,35,000లో ప్యానెళ్లు ఒక భాగమే. ఇన్వర్టర్, ఇనుప స్టాండ్లు, వైరింగ్, కూలీ, మీటర్ ఖర్చులు అంతగా తగ్గేవి కావు. రెండేళ్లు ఆగితే బిల్లుల్లోనే 40,000 పోతుంది. పైగా ఈ పథకానికి కేంద్రం పెట్టుకున్న గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం. 60,000 సబ్సిడీని పందెం కాయడం నాకు ఇష్టం లేదు.

ఇక రెండున్నర రూపాయల సంగతి. మీరు చదివింది నిజమే. పెద్ద సోలార్ ప్లాంట్ల టెండర్లలో ధరలు అలాగే ఉంటున్నాయి, 2020 డిసెంబర్‌లో గుజరాత్ టెండర్‌లో 1.99కి కూడా దిగింది. కానీ అది ప్లాంట్ గేటు దగ్గర, మిట్టమధ్యాహ్నం ధర. మీ ఇంట్లో కూలర్, టీవీ, లైట్లు, ఏసీ అన్నీ కలిసి నడిచేది రాత్రి ఏడు తర్వాత. అప్పుడు సూర్యుడు లేడు. మీ జిల్లాలోనే ఉంది రామగుండం. అక్కడ ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ప్లాంట్ 2022 నుంచి నడుస్తోంది. దాని పక్కనే 2,600 మెగావాట్ల బొగ్గు ప్లాంట్. చీకటి పడితే మీ ఇంటికి కరెంటు ఎక్కువగా వచ్చేది ఆ రెండో దానిలాంటి ప్లాంట్ల నుంచే. పగటి కరెంటును రాత్రికి దాచాలంటే శ్రీశైలం ఎడమగట్టులో లాగా నీళ్లను మళ్లీ పైకి తోడి దింపాలి, లేదా బ్యాటరీలు పెట్టాలి. రెండిటికీ ఖర్చుంది. ఆ పైన లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, దారిలో పోయే నష్టం. మరో పెద్ద కారణం, 50 యూనిట్లు వాడే ఇంటికి 1.95కి ఇస్తున్నారు, వ్యవసాయ బోర్లకు ఉచితంగా ఇస్తున్నారు. అందులో ప్రభుత్వం భరించగా మిగిలిన భారంలో కొంత పై శ్లాబులవారు, పరిశ్రమలు మోస్తున్నారు. చిన్న ఇంటికి చవకగా ఇవ్వడం నాకు తప్పుగా అనిపించదు. కానీ మీ తొమ్మిది రూపాయల్లో అవన్నీ ఉన్నాయి.

దీనికీ మీ సోలార్‌కూ సంబంధం ఉంది. 2023లో కేంద్రం నిబంధనలు సవరించి పగలు సోలార్ వేళల్లో ధర కనీసం 20 శాతం తక్కువగా, సాయంత్రం రద్దీ వేళ ఎక్కువగా ఉండాలంది. ఇళ్లకు 2025 ఏప్రిల్ 1 గడువు పెట్టింది. రాష్ట్రంలో ఎప్పుడు, ఎలా అన్నది విద్యుత్ నియంత్రణ మండలి చేతిలో ఉంటుంది. అది మీ ఇంటి దాకా వస్తే పగలు గ్రిడ్‌కు పంపే యూనిట్ విలువ తగ్గుతుంది, రాత్రి తీసుకునేది పెరుగుతుంది. అవసరానికి మించి పెట్టుకోవద్దని నేను అనడానికి ఇదో కారణం. బోరు మోటార్, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె మధ్యాహ్నం నడిపే అలవాటు ఇప్పటి నుంచే చేసుకోండి.

ఒక విషయం అమ్మేవాళ్లు చెప్పరు. బ్యాటరీ లేని ఈ వ్యవస్థ కరెంటు పోతే ఆగిపోతుంది, మండుటెండలో కూడా. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణానికి ప్రమాదం కాకుండా అలా చేస్తారు. మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు వాడే మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే అలాగే ఉంచుకోండి.

కొటేషన్‌లో మూడు చూడండి. సోలార్ పరికరాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటు వేశారేమో. ప్యానెళ్లు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవేనా, కాకపోతే సబ్సిడీ రాదు. ఐదేళ్ల నిర్వహణ వాళ్లదేనని రాసిచ్చారా. పథకంలో అది వాళ్ల బాధ్యత. డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ సాయంత్రం ఎటు పడుతుందో మీరే నిలబడి చూడండి.

అన్నిటికంటే ముందు మీటర్. మీ నాన్నగారి పేరు మీద ఉంటే దరఖాస్తులో, లోన్‌లో, సబ్సిడీ పడే ఖాతాలో పేర్లు కలవక పని నిలిచిపోతుంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఇంటి పన్ను రసీదు, ఆధార్ పట్టుకుని ఈ వారమే మీ డిస్కం ఎన్‌పీడీసీఎల్ ఆఫీసుకు వెళ్లి పేరు మార్పుకు దరఖాస్తు పెట్టండి. ఇంకేం కాగితాలు కావాలో వాళ్లే చెబుతారు. మీ పేరుతో కొత్త బిల్లు చేతికి వచ్చేదాకా కంపెనీ వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి, రేపటితో ఆఫర్ అయిపోతుందన్నా సరే.