టవాలు కట్టుకున్నా దుమ్ము లోపలికి ఎట్లా పోతోంది?

అన్నా, తాడిపత్రిలో గ్రానైట్ కోసే మీ తమ్ముడు ముక్కుకు టవాలు కట్టుకున్నా దగ్గు తగ్గలేదన్నారు. తగ్గదు. 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటిన దుమ్మును ముక్కే చాలావరకు పట్టేస్తుంది, అంతకంటే చిన్నది శ్వాసనాళాల కళ్లెలో చిక్కి పైకొస్తుంది. 4 మైక్రాన్ల లోపుది కంటికి కనబడదు, టవాలు నేతలోంచి దూరి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతుంది. అక్కడ కాపలా కణాలే దాన్ని మింగాలి. గ్రానైట్‌లోని సిలికా అనే ఖనిజాన్ని మింగిన కణం తానే చచ్చిపోతుంది, వాపు వచ్చి చుట్టూ మచ్చ కడుతుంది. ఆ మచ్చ ఏ మందుకూ కరగదు. (నాపరాయిలో సిలికా మామూలుగా తక్కువే, అట్లని వదిలేయొద్దు.)

ముందు బ్లేడు మీద నీళ్లు ఆగకుండా పడాలి, పొడికోత మానాలి. ఊడ్చేముందు కూడా నేల తడపాలి. మాస్కు ఆ తర్వాతే: ఎన్95, రెండు పట్టీలూ తలవెనక్కి, ముక్కు మీది క్లిప్పు గట్టిగా నొక్కి. గడ్డం ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది, ఎంత ఖరీదు మాస్కైనా దండగే.

దగ్గు రెండు వారాలు దాటితే ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊపిరి ఎంత పడుతుందో, ఎంత వేగంగా వదులుతున్నాడో కొలిచే పరీక్ష)తో పాటు కళ్లె పరీక్ష కూడా చేయించండి, సిలికా చేరిన ఊపిరితిత్తులకు టీబీ సులభంగా పడుతుంది. ఎన్నేళ్లుగా రాయి కోస్తున్నాడో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.