సంబంధం కుదిరేచోట రంగు మాట ఎందుకక్కా?

అక్కా, గాజువాక సంబంధంలో అమ్మాయి గుణం మీకు నచ్చిందనీ, బాబుకీ ఇష్టమేననీ, మీ ఆడపడుచులు మాత్రం 'నలుపు' అంటున్నారనీ రాశారు. బైబిల్లో ఒకటో సమూయేలు 16వ అధ్యాయం ఇంట్లో అందరూ కలిసి చదవండి. యెష్షయి పెద్దకొడుకు ఏలీయాబు ఎత్తూ రూపమూ చూసి సమూయేలంతటి ప్రవక్తే ఇతనే రాజనుకున్నాడు. దేవుడు కాదన్నాడు. చివరికి గొర్రెలు కాస్తున్న చిన్నకొడుకు దావీదుని పిలిపించాల్సి వచ్చింది. (దావీదూ అందగాడే, కానీ ఎంచుకున్నది అందుకు కాదు.)

కేజీహెచ్ ఆసుపత్రిలో ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని, జావ చల్లార్చి చెంచాతో పట్టిందని మీరే రాశారుగా. ఇంకేం చూడాలక్కా? ఆడపడుచులతో మీరే గట్టిగా మాట్లాడండి, బాబు మీద వదిలేయకండి. ఆ మాట అమ్మాయి చెవిన పడనివ్వకండి, పెళ్లయ్యాక కూడా. ఫెయిర్‌నెస్ క్రీములు కొనివ్వడం లాంటివి అసలే వద్దు.