అగ్రిమెంటు మధ్యలో ఇల్లు ఖాళీ చేస్తున్న నీకు

చిట్టితల్లీ, ఆశీస్సులు.

నీకు పుణె బదిలీ అయిందనీ, అగ్రిమెంటు ఇంకా ఐదు నెలలు ఉండగానే కొండాపూర్ ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తోందనీ, ఓనరుగారికి ఎలా చెప్పాలో తెలియక టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇరవయ్యేళ్లు నల్లకుంటలో అద్దెకున్నాను. ఇప్పుడు మా మేడమీద వాటా అద్దెకిస్తున్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు అగ్రిమెంటు తీసి చదువు. ఇక్కడ మామూలుగా 11 నెలలకే రాసుకుంటారు, నీదీ అదే అయ్యుంటుంది. నోటీసు ఎన్ని నెలలు, లాకిన్ (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదన్న షరతు) ఉందా, ఈ రెండూ చూడు. నోటీసు ఒక నెల అని ఉండి, లాకిన్ లేకపోతే భయపడాల్సిందేమీ లేదు. లాకిన్ ఉంటే మిగిలిన నెలల అద్దె అడుగుతారు. వాదనకు దిగకు. "నేనే ఇంకొకరిని చూసి తెస్తాను, వాళ్లు దిగేదాకా అద్దె కడతాను" అను. నీ ఆఫీసులోనే ఇల్లు వెతికేవాళ్లు బోలెడుమంది ఉంటారు.

చెప్పడం మాత్రం ఈ వారమే చెప్పు. ఓనరుకి కావలసింది టులెట్ బోర్డు పెట్టుకునే టైము. స్వయంగా వెళ్లి మాట్లాడి, ఆ రాత్రే అదే సంగతి తేదీతో సహా వాట్సాప్‌లో పెట్టు.

"అడ్వాన్సులో కోసుకోండి" అని చివరి నెలల అద్దె ఆపేయకు, ఆయన ఒప్పుకుంటే తప్ప. మా మేడమీద కుర్రాడు అలాగే వెళ్లిపోయాడు. తర్వాత చూస్తే కరెంటు బిల్లు బాకీ, గీజరు పాడు. రెండేళ్లు ఇంట్లో పిల్లాడిలా చూసుకున్నాం, ఇప్పటికీ బాధే.

పెయింటింగుకు ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. అగ్రిమెంటులో ఉంటే ఇచ్చెయ్, లేకపోతే గట్టిగా అడుగు. నల్లకుంటలో ఒక ఓనరు గోడలు పాడయ్యాయని మా మూడు నెలల అడ్వాన్సూ ఉంచేసుకున్నాడు. కాదని చూపించడానికి నా దగ్గర ఒక్క ఫోటో లేదు. కొత్త ఇంటి అడ్వాన్సుకి మీ పెద్దమ్మ గాజులు తాకట్టు పెట్టింది. అందుకే, సామాను తీసేశాక ప్రతి గదీ, బాత్రూమ్ కుళాయిలతో సహా వీడియో తియ్యి. కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకో. అడ్వాన్సు లెక్క తేలాకే తాళాలు ఇచ్చి, ఇచ్చినట్టు కాగితం మీద సంతకం పెట్టించుకో.

ఆదివారం నాకు పనేం లేదు. ఓనరుగారి దగ్గరికి తోడు రమ్మంటే పొద్దున్నే బయల్దేరి వస్తాను.

మీ పెదనాన్న