ఎయిర్‌పోర్టు పక్క ప్లాటా, ఉన్న ఊళ్లో ఇల్లా?

ప్రశ్న: మాది కొత్తవలస. మావారికి గోపాలపట్నంలో ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం, చేతికి 46 వేలు వస్తుంది. నేను ఇక్కడే స్కూల్లో టీచర్ని, నాకు 14 వేలు. బాబు ఆరో తరగతి, పాపకి ఆరేళ్లు. అద్దె 7 వేలు. అన్నీ పోను నెలకు 15 వేలు మిగులుతుంది. అందులో 10 వేలు తెలిసినవాళ్ల దగ్గర 5 లక్షల చీటీకి కడుతున్నాం, 50 నెలల్లో 20 అయ్యాయి. బ్యాంకులో 9 లక్షల డిపాజిట్ ఉంది. మావయ్యగారు ఎప్పుడో కొన్న 150 గజాల స్థలం ఊళ్లోనే ఉంది, ఇంకా ఆయన పేరునే. పెళ్లయిన ఆడపడుచు ఒకరున్నారు. అక్కడ చిన్న ఇల్లు వేయడానికి 18 లక్షలవుతుందని మేస్త్రి చెప్పాడు. మా బావగారేమో భోగాపురం ఎయిర్‌పోర్టు వైపు 14 లక్షల ప్లాటు కొనమంటున్నారు. ఇప్పుడు 9 లక్షలు, మిగతాది 24 వాయిదాల్లో. రోజూ రానూపోనూ 40 కిలోమీటర్ల దాకా బండి నడపలేక మావారు వైజాగ్‌లో 55 లక్షల ఫ్లాటు చూసి వచ్చారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఫ్లాటు సంగతి చూద్దాం, అది అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. లోను 30 లక్షలు దాటితే బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 55 లక్షల ఫ్లాటుకి అది 44 లక్షలు. మిగతా 11 లక్షలు మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి మన రాష్ట్రంలో ఏడున్నర శాతం, అంటే ఇంకో 4 లక్షల పైన. మీ దగ్గరున్నది 9. పోనీ ఎక్కడో తెచ్చారనుకుందాం. 44 లక్షలకి ఎనిమిదిన్నర శాతం వడ్డీతో 20 ఏళ్లయితే నెల వాయిదా 38 వేల పైచిలుకు. వైజాగ్ వెళ్తే మీ 14 వేల ఉద్యోగం పోతుంది. మీవారి 46 వేలలో వాయిదా పోను నలుగురికీ మిగిలేది 8 వేలు. బ్యాంకువాళ్లే ఒప్పుకోరు లెండి.

ఇంటి లోనుంటే పన్ను మిగులుతుందని ఎవరైనా అంటే అదీ వినకండి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా పన్నే పడదు. మీరు కట్టని పన్నులో మిగిలేదేముంది?

ఇక ప్లాటు. మీ బావగారు మీ మంచికే చెప్పి ఉంటారు, కాదనను. కానీ ఇలాంటి వెంచర్లకు నేనూ వెళ్లాను. హైవే పక్కన ఆర్చి, లోపల సున్నం వేసిన సర్వే రాళ్లు, రాయికో కొబ్బరి మొక్క. టెంటు కింద పులిహోర పొట్లాలు. కుర్చీలో కూర్చోకముందే ఒకాయన వచ్చి "ఇవాళ గజం ఇంత, దసరాకి డబుల్" అన్నాడు. కరపత్రంలో 40 అడుగుల రోడ్డు గీశారు. ఆ రోడ్డు ఎక్కడుందని నడుచుకుంటూ వెళ్తే ఒక రైతు వరిచేను గట్టు దగ్గర ఆగిపోయాను. "ఇటు రోడ్డొస్తుందట కదా" అంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

భోగాపురం విమానాశ్రయం అబద్ధం కాదు. అయితే దానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపన జరిగింది. మొదటి కొబ్బరికాయ కొట్టినప్పుడు అప్పు చేసి ప్లాటు కొన్నవాళ్లు రెండోది కొట్టేదాకా నాలుగేళ్లు ఉత్త వడ్డీ కట్టారు. పైగా ఎయిర్‌పోర్టు వస్తుందన్న సంగతి అమ్మేవాడికీ తెలుసు. వచ్చే లాభంలో చాలా భాగం అతను ఇప్పటి ధరలోనే కలిపేసుకుంటాడు.

మీ విషయంలో నాకు అంతకంటే భయమేసింది ఆ 24 వాయిదాలు. మిగిలిన 5 లక్షలకి నెలకు 21 వేలు కట్టాలి, మీకు మిగిలేదే 15 వేలు. ఇలాంటి బేరాల్లో ఆఖరి వాయిదా కట్టేదాకా రిజిస్ట్రేషన్ చేయరు, చేతిలో ఉండేది అగ్రిమెంటు కాగితం మాత్రమే. మధ్యలో ఆగిపోతే ఆ కాగితం పట్టుకుని తిరగాలి. బావగారు మళ్లీ అడిగితే లేఅవుట్‌కి అనుమతి ఇచ్చిన ఎల్పీ నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఇచ్చిన నంబరు, స్థలం మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ తెమ్మనండి. ఆ సర్వే నంబరు అమ్మకూడని భూముల 22ఏ జాబితాలో ఉందేమో చూడమనండి. అది సొంత హక్కున్న జిరాయితీయా, ప్రభుత్వం పేదలకిచ్చిన డీ-పట్టాయా అని కూడా అడగండి. బోర్డు మీద "వుడా అప్రూవ్డ్" అని రాసి ఉంటే సరిపోదు. విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా 2018లోనే వీఎంఆర్‌డీఏ అయిపోయింది, బోర్డులు మాత్రం మారలేదు.

అసలు ఆ 9 లక్షలు మీ దగ్గర ఎలా మిగిలాయి? 7 వేల అద్దె ఉన్న ఊళ్లో ఉండబట్టి, మీ ఉద్యోగం ఇంటి పక్కనే ఉండబట్టి. పట్నం పక్క ఊళ్లో ఉన్నందుకు మీకు దక్కిన లాభం అది. దాన్ని వేరే ఊరి సర్వే రాళ్ల కింద పాతిపెట్టకుండా మావయ్యగారి స్థలంలో ఇల్లు వేసుకోండి.

మేస్త్రి 18 లక్షలన్నాడంటే నేను ఇరవై ఒకటి దగ్గర అనుకుంటాను. బోరు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, కరెంటు మీటరు మేస్త్రిగారి లెక్కలో ఎప్పుడూ ఉండవు. పదిహేను శాతం కలిపి 20 లక్షల 70 వేలు అనుకుందాం. మీ డిపాజిట్ లోంచి 6 లక్షల 70 వేలు తీయండి. మిగిలిన 2 లక్షల 30 వేలు ముట్టుకోవద్దు, మీకు అయిదు నెలల ఖర్చు అది.

తర్వాత ఆ చీటీ. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం చీటీ రిజిస్టర్ అయి ఉండాలి. తెలిసినవాళ్ల చీటీ అంటే సాధారణంగా ఆ రిజిస్ట్రేషన్ ఉండదు. ఇంకా 30 నెలలు మీ డబ్బు వాళ్ల దగ్గర ఉంచడం కంటే స్లాబు వేసే నెలకి పాడుకుని తెచ్చేసుకోండి. పాటలో కొంత పోతుంది, పోనివ్వండి. 4 లక్షలు చేతికొస్తే బ్యాంకు లోను 10 లక్షలతో సరిపోతుంది. 15 ఏళ్లకి వాయిదా 9,850 దగ్గర. అద్దె 7 వేలు ఆగిపోతుంది కాబట్టి అదనంగా పడేది 2,850. చీటీ 10 వేలు కట్టినా మీ 15 వేలలోనే సర్దుకుంటుంది. లోను డబ్బు చివర్లో వాడండి. ఇల్లు కడుతున్నన్నాళ్లూ అద్దె కూడా ఉంటుంది కదా, వడ్డీ ఎంత ఆలస్యంగా మొదలైతే అంత మంచిది.

చీటీ రెండున్నరేళ్లలో అయిపోతుంది. బాబు ఇంటర్‌కి వచ్చేసరికి దాదాపు ఇంకో రెండున్నరేళ్లు. మన వైపు ఇంటర్ అంటే వైజాగ్ హాస్టలే అనుకుంటున్నారు, ఆ ఫీజు మీకు తెలిసిందే. చీటీ అయిపోయిన నెల నుంచి ఆ 10 వేలు బాబు పేరున రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే వడ్డీ కాకుండానే 3 లక్షలు. పాపకి పోస్టాఫీసులో ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య ఖాతా తెరిచి, వీలైనంతే వేయండి.

మీవారి బండి విషయం తేలిగ్గా తీసుకోకండి. నెలకు దాదాపు 1,000 కిలోమీటర్లు, అదీ లారీల మధ్య. కొత్తవలసలో రైలెక్కితే సింహాచలం స్టేషన్లో దిగేది గోపాలపట్నంలోనే. సీజన్ టికెట్ పెట్రోలు ఖర్చు ముందు చాలా తక్కువ. వేళలు కుదిరిన రోజుల్లోనైనా రైలుకి వెళ్లమనండి. ఇల్లు మొదలుపెట్టే ముందే ఆయన పేరున 75 లక్షలకి తగ్గకుండా టర్మ్ పాలసీ, అంటే ఆయనకేమైనా అయితే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా, తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. కంపెనీ బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి నలుగురికీ కలిపి సొంతంగా ఆరోగ్య పాలసీ కూడా ఉండాలి.

ఒక్క చిక్కుంది. స్థలం మావయ్యగారి పేరున ఉంది, మీరు దానిమీద 20 లక్షలు పెట్టబోతున్నారు. అది ఆయన సొంతంగా కొన్నది. వీలునామా లేకుండా ఆయన కాలం చేస్తే అత్తగారికీ, మీవారికీ, మిగతా పిల్లలందరికీ సమాన వాటా. రేపు మీ ఆడపడుచు వాటా అడిగితే తప్పు ఆమెది కాదు. బ్యాంకు కూడా స్థలం ఎవరిదని అడుగుతుంది. మావయ్యగారు ఇష్టపడి స్థలం మీవారికి రాసిస్తూ సెటిల్‌మెంట్ దస్తావేజు రిజిస్టర్ చేయించాలి. ఆడపడుచుకి ఏమివ్వాలో కూడా అప్పుడే, అందరి ముందే తేల్చుకోవాలి. ఫోన్లో మాట్లాడే మాట కాదిది. విజయనగరం సిరిమాను జాతరకి ఆవిడ పుట్టింటికి వస్తారు కదా, భోజనాలయ్యాక మావయ్యగారి చేతే ఎత్తించండి. పునాది తవ్వకం ఆ తర్వాతే.